వందలో అరవై ఆపరేషన్లు: తెలంగాణ కాన్పుల లెక్క విప్పి చూస్తే

తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో 60.7 సిజేరియన్లే. 2019–20లో ఇంటింటికీ తిరిగి చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన సంగతి ఇది. అప్పటికి మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. దేశ సగటు 21.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, బిహార్‌లో 9.7. ఇవి వినగానే అందరి నోటా వచ్చే మాట ఒకటే: ప్రైవేటు ఆసుపత్రుల దోపిడీ. అందులో నిజం లేకపోలేదు. ఎంత ఉందో మాత్రం లెక్క కట్టి చూడాలి.

అదే సర్వే ప్రకారం ప్రైవేటులో సిజేరియన్లు 81.5 శాతం, సర్కారు దవాఖానాల్లో 44.5 శాతం. మొత్తం 100 కాన్పుల్లో సుమారు 50 సర్కారులో, 47 ప్రైవేటులో జరిగాయి. మిగిలిన మూడూ ఆసుపత్రి గడప తొక్కనివి. ప్రైవేటు డాక్టర్లు కూడా సర్కారు డాక్టర్లు చేసినంత మందికే ఆపరేషన్ చేశారనుకుందాం. అప్పుడు ఆసుపత్రుల్లో జరిగే 97 కాన్పుల్లో 44.5 శాతం, అంటే 43 సిజేరియన్లవుతాయి. అరవై నుంచి నలభై మూడుకు దిగడం చిన్న సంగతి కాదు. కానీ ఆ 43 కూడా దేశ సగటుకు రెట్టింపే! దేశమంతటా సర్కారు ఆసుపత్రుల సగటు 14.3 మాత్రమే. బిల్లుతో పనిలేకుండా నెల జీతం తీసుకునే డాక్టరు ఇంతమందికి కత్తి ఎందుకు పడుతున్నట్టు? దోపిడీ అన్న ఒక్క మాట ఇక్కడ సరిపోదు.

అలాగని డబ్బు ప్రభావం కట్టుకథ కాదు. వైద్యంలో రోగికి తెలిసింది తక్కువ, డాక్టరుకు తెలిసింది ఎక్కువ కనుక ఇది మామూలు బజారులా నడవదని ఆర్థికవేత్త కెన్నెత్ యారో 1963లోనే రాశారు. ఆ మాటకు అంకెల రుజువు తరవాత దొరికింది. అమెరికాలో 1970–82 మధ్య జననాల రేటు 13.5 శాతం పడిపోయింది, ప్రసూతి డాక్టర్లకు రాబడి తగ్గింది. కాన్పులు ఎక్కువగా తగ్గిన రాష్ట్రాల్లోనే, ఎక్కువ ఫీజు వచ్చే సిజేరియన్లు ఎక్కువగా పెరిగాయని పరిశోధకులు గ్రూబర్, ఓవింగ్స్ 1996లో చూపించారు. పెరిగిందంతా దీనివల్లే అని మాత్రం వాళ్లు అనలేదు.

నాకు ఇంకా నచ్చిన పరిశోధన ఎరిన్ జాన్సన్, మారిట్ రెహావి 2016లో ప్రచురించింది. కాన్పుకొచ్చిన తల్లి తానే డాక్టరైతే ఏమవుతుంది? ఆమెకు సిజేరియన్ అయ్యే అవకాశం మిగతా తల్లులకంటే సుమారు 10 శాతం తక్కువని తేలింది. ఆపరేషన్ వల్ల ఆసుపత్రికి లాభముందా లేదా అన్నది మామూలు తల్లుల విషయంలోనే పెద్ద తేడా తెచ్చింది, డాక్టరు తల్లుల విషయంలో దాదాపు ఏమీ తేలేదు. “ఉమ్మనీరు తగ్గింది, ఇంక ఆగలేం” అన్నప్పుడు “ఎంత తగ్గింది?” అని తిరిగి అడగగలిగే మనిషికి దక్కే వైద్యం అది.

ఇక సర్కారు దవాఖానా ప్రశ్న. లేబర్ రూమ్ రిజిస్టర్‌లో ఆపరేషన్‌కు కారణం రాసే గడి చూస్తే తరచూ కనిపించేది “ప్రీవియస్ సిజేరియన్”. తొలిచూలుకు ఆపరేషన్ అయిన అమ్మాయి రెండో కాన్పుకు వస్తే, పాత కుట్టు విడిపోతుందన్న భయంతో చాలాచోట్ల నొప్పుల దాకా ఆగరు. మొదటిసారి ప్రైవేటులో అయిన ఆపరేషన్, రెండోసారి సర్కారు ఖాతాలో పడే వీలుంది. దీనికి ముహూర్తాలు తోడు. ఫలానా నక్షత్రంలో బిడ్డ పుట్టాలని పంచాంగం పట్టుకుని వచ్చే అత్తమామలు మన దగ్గర కొత్తేమీ కాదు. దీన్నీ పరీక్షించవచ్చు. అత్యవసరం గడియారం చూసుకుని రాదు కదా, పుట్టిన వేళలు మంచి గడియల చుట్టూ గుమిగూడి ఉంటే కారణం వైద్యం కాదన్నమాట.

ఇంత ఖర్చుకూ కోతకూ ఫలితం దక్కిందా? సిజేరియన్లు 10 శాతం దాటాక, ఆ పెరుగుదలతో పాటు తల్లీబిడ్డల మరణాలు తగ్గిన దాఖలా కనపడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. 2018–20 లెక్కల ప్రకారం ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43. 38.9 శాతం సిజేరియన్లున్న కేరళలో 19. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఆపరేషన్లే ప్రాణం తీస్తున్నాయనడం తప్పు. రక్తహీనత, తల్లి వయసు, ఆసుపత్రి దూరం, ఇలా లెక్కలోకి రావాల్సినవి చాలా ఉన్నాయి. అదనంగా చేసిన ఆపరేషన్లు అదనపు ప్రాణాలు నిలబెట్టాయనడానికి మాత్రం ఈ అంకెల్లో ఆధారం లేదు.

ఆసుపత్రులను మొత్తం శాతంతో పోల్చడమూ అన్యాయమే. చుట్టుపక్కల మండలాల నుంచి చేయి దాటిన కేసులన్నీ వచ్చిపడే జిల్లా ఆసుపత్రికి ఎక్కువ శాతం రాక తప్పదు. అందుకే ప్రసూతి వైద్యుడు మైకేల్ రాబ్సన్ 2001లో గర్భిణులను పది గుంపులుగా విడగొట్టే పద్ధతి తెచ్చారు. తొలిచూలు, ఒకే బిడ్డ, తల కిందికే ఉంది, నెలలు నిండాయి, నొప్పులు వాటంతటవే వచ్చాయి: ఇది మొదటి గుంపు. ముందే సిజేరియన్ అయి, నెలలు నిండి, తల కిందికే ఉన్న ఒకే బిడ్డతో వచ్చినవాళ్లది అయిదోది. జిల్లా కలెక్టరు సమీక్షలో మొత్తం శాతం చదివి డాక్టర్లను మందలించే బదులు మొదటి గుంపు అంకె అడిగితే చాలు. నార్మల్ అవ్వాల్సిన తల్లి ఎక్కడ బల్ల ఎక్కుతోందో బయటపడుతుంది. అయిదో గుంపు మీద ఈ ఏడాది ఎంత ఒత్తిడి తెచ్చినా ప్రయోజనం కొంతే, ఆ కారణం పాత కాన్పులోనే రాసిపెట్టి ఉంది.