మొదటి మూర్ఛ తరువాత

ఒక్కసారి మూర్ఛ వచ్చినంత మాత్రాన అది మూర్ఛవ్యాధి కానక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నూటికి 10 మంది దాకా జీవితంలో ఒకసారి మూర్ఛకు లోనవుతారు. రక్తంలో చక్కెర పడిపోవడం, మెదడులో చేరిన బద్దెపురుగు తిత్తి వంటి కారణాలను వైద్యుడే తేల్చాలి.

కారణం దొరకని మూర్ఛ తిరగబెట్టే అవకాశం తొలి 2 సంవత్సరాలలోనే అధికం. అందుచేత బ్రిటన్‌లో మొదటి మూర్ఛ తరువాత కారు నడపడాన్ని సాధారణంగా 6 నెలలు, బస్సు, లారీలనైతే 5 సంవత్సరాలు నిషేధిస్తారు. మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల కింద, లైసెన్సు కోరేవారు తమకు మూర్ఛ ఉన్నదో లేదో స్వయంగా ప్రకటించాలి. బండే బతుకుతెరువైనవానికి నిజం చెప్పడం కష్టమే. కాని దాచిన నిజానికి దారిన పోయేవారి ప్రాణాలు బలి కావచ్చు.

వేళకు నిద్ర, వైద్యుడు రాసిన మందులు తప్పరాదు. ఒంటరిగా ఈత కూడదు. స్నానాల గదికి గడియ వేయరాదు. మూర్ఛ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం నిష్ప్రయోజనం. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట ఏమీ పెట్టరాదు. 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి చేర్చాలి.

హిందూ వివాహానికి మూర్ఛవ్యాధి అడ్డంకి కాదని 1999లోనే పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఇక మారవలసినది మన మనస్సే.