ఎర్రని కడ్డీలన్నీ టీబీ కాదు

మైకోబ్యాక్టీరియా కుటుంబంలో పేరుమోసినవి క్షయ క్రిమి, కుష్ఠు క్రిమి. మిగిలిన సుమారు 200 జాతులు మట్టిలో, నీళ్లలో తమ మానాన తాము బతుకుతుంటాయి. వీటన్నిటినీ కలిపి వైద్యులు ఎన్‌టీఎం అంటారు, అంటే క్షయేతర మైకోబ్యాక్టీరియా. ఒంటిమీద మందపాటి మైనపు పొర ఉండటంతో నీళ్లలో కలిపే క్లోరిన్‌కు ఇవి అంత తేలిగ్గా లొంగవు. కుళాయి గొట్టాల లోపల పట్టే జిగురు పాచిలోనూ, షవర్లలోనూ ఏళ్ల తరబడి నిలిచి ఉండగలవు. 1968లో చెంగల్పట్టు ప్రాంతంలో టీబీ టీకా బీసీజీపై మొదలైన భారీ పరిశోధనలో ఆ టీకా పెద్దల ఊపిరితిత్తుల టీబీని ఆపలేకపోయింది. అక్కడి జనానికి అప్పటికే ఈ క్రిములతో పరిచయం ఉండటం దానికి ఒక కారణం కావచ్చని శాస్త్రవేత్తలు భావించారు.

అంటే ఇవి ఒంట్లోకి చేరడం వింతేమీ కాదు, జబ్బు చేయడమే అరుదు. పాత టీబీ మచ్చలు, సీఓపీడీ, శ్వాసనాళాలు సాగి వదులైపోయే బ్రాంకియెక్టాసిస్ వంటివి ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో ఇవి తిష్ఠ వేస్తాయి. హెచ్ఐవీ ముదిరి రోగనిరోధక కణాలైన సీడీ4 సంఖ్య 50 కంటే తగ్గినవారిలో ఒళ్లంతా పాకగలవు. టీబీలా ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం మాత్రం మామూలుగా జరగదు.

చిక్కంతా రోగనిర్ధారణలోనే ఉంది. వారాల తరబడి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, ఒక్కోసారి కఫంలో రక్తం: లక్షణాలు అచ్చం టీబీవే. ఎక్స్‌రే కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. కఫాన్ని గాజు పలక మీద పూసి, జీల్-నీల్సన్ పద్ధతిలో రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే నీలి నేపథ్యం మీద సన్నని ఎర్రని కడ్డీలు కనిపిస్తాయి. అవి క్షయ క్రిములో, ఎన్‌టీఎమ్మో ఎంత అనుభవం ఉన్న కన్నయినా చెప్పలేదు. టీబీ ఇంత విరివిగా ఉన్న మన దేశంలో ఎర్రని కడ్డీని చూసి టీబీ అనుకోవడం తప్పు కాదు, చాలాసార్లు అదే నిజం. తప్పు అక్కడితో ఆగిపోవడంలో ఉంది. నెలల తరబడి మందులు మింగినా కఫం పాజిటివ్‌గానే వస్తుంటే, రోగిని మందులకు లొంగని టీబీ లెక్కలో వేసి మరింత ఘాటైన మందులు మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

ఇక్కడ సీబీనాట్ పరీక్ష బాగా అక్కరకొస్తుంది. అది క్షయ క్రిమి జన్యువును మాత్రమే పట్టుకుంటుంది. మైక్రోస్కోపులో పాజిటివ్, సీబీనాట్‌లో నెగెటివ్ వస్తే ఎన్‌టీఎంను అనుమానించాల్సిందే. తర్వాతి మెట్టు కల్చర్, అంటే క్రిమిని ల్యాబులో పెంచడం. క్రిమి పెరిగాక, ఎంపీటీ64 అనే ప్రోటీన్ కోసం చిన్న పట్టీతో పరీక్షిస్తారు. గర్భ పరీక్ష పట్టీలాగే దీనిమీదా గీత పడితే క్షయ క్రిమి, పడకపోతే చాలావరకు ఎన్‌టీఎం. అది ఏ జాతిదో లైన్ ప్రోబ్, మాల్డీ-టాఫ్, జన్యుక్రమ పరీక్షలు తేలుస్తాయి. జాతి తెలియకుండా మందు రాయడం చీకట్లో రాయి విసరడమే.

క్రిమి దొరికినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. పుక్కిలించిన కుళాయి నీళ్లలోంచి కూడా అది కఫంలోకి రావచ్చు. అందుకే 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు మూడూ కలిసి ఉండాలంటాయి: రోగలక్షణాలు, ఎక్స్‌రేలో గానీ సీటీలో గానీ తగిన మార్పులు, విడివిడిగా ఇచ్చిన కనీసం రెండు కఫం నమూనాల్లో ఒకే జాతి పెరగడం. బ్రాంకోస్కోపీతో తీసిన ద్రవమైతే ఒక్కసారి పెరిగినా చాలు.

నిర్ధారణ అయిన ప్రతివారికీ వెంటనే మందులు అక్కర్లేదు. జబ్బు స్వల్పంగా ఉంటే కొందరిని గమనిస్తూ ఉండవచ్చు. ఊపిరితిత్తుల్లో గుహలు ఏర్పడినా, కఫంలో క్రిములు మైక్రోస్కోపుకే కనబడుతున్నా ఆలస్యం పనికిరాదు. ఎన్‌టీఎంలో ఎక్కువగా కనిపించే ఏవియం జాతుల బృందానికి అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ కలిపి ఇస్తారు. తీవ్రంగా ఉంటే మొదటి రెండు మూడు నెలలు అమికాసిన్ ఇంజెక్షన్ జోడిస్తారు. కల్చర్ నెగెటివ్ అయ్యాక మరో 12 నెలలు కొనసాగించాలి కనుక, మొత్తం ఏడాదిన్నర దాకా పట్టవచ్చు. అజిత్రోమైసిన్ ఒక్కటే వాడితే క్రిమి దానికి అలవాటుపడిపోతుంది, ఆ తర్వాత నయం చేయడం చాలా కష్టం. కాన్సాసీ జాతి రిఫాంపిసిన్ ఉన్న మందులకు బాగా లొంగుతుంది. అబ్సెసస్ జాతిది మొండితనం: దానిలోని ఒక జన్యువు అజిత్రోమైసిన్ తగలగానే మేల్కొని మందును నిర్వీర్యం చేస్తుంది. అందుకే ల్యాబులో ఆ మందుకు దాని సున్నితత్వాన్ని 14 రోజుల దాకా గమనించాలి. ఇలాంటప్పుడు ఇమిపెనెం, అమికాసిన్ ఇంజెక్షన్లు, క్లోఫజిమిన్ వంటివి కలపక తప్పదు.

ఇన్ని నెలల మందుల్లో ఇథాంబుటాల్ చూపును, అమికాసిన్ వినికిడినీ కిడ్నీలనూ దెబ్బతీయవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు మసకగా తోచినా, చెవిలో హోరు మొదలైనా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఊపిరితిత్తుల తర్వాత వీటి తాకిడి ఎక్కువగా చర్మానికి, ఆపరేషన్ గాయాలకు. లాప్రోస్కోపీ పరికరాలను సరిగ్గా స్టెరిలైజ్ చేయకపోయినా, క్రిమిసంహారక ద్రావణంలో ముంచి తీశాక కుళాయి నీళ్లతో కడిగినా ఈ క్రిములు లోపలికి చేరతాయి. కుట్లు మానిన కొన్ని వారాలకు, రంధ్రం పెట్టినచోట గడ్డ లేచి చీము కారుతుంది. మామూలు యాంటీబయాటిక్స్‌కు తగ్గదు. దూదిపుల్లతో తుడిచిన చీముకంటే, గాయంలోంచి తీసిన చిన్న కండముక్కను కల్చర్‌కు పంపడం మేలు. ఏ క్రిమిని అనుమానిస్తున్నారో ల్యాబుకు ముందే చెప్పాలి. చర్మానికి సోకే కొన్ని జాతులు 37 డిగ్రీల దగ్గర సరిగా పెరగవు, వాటిని 30 డిగ్రీల వద్ద ఉంచాలి.