మొరాయించే బండి

తెల్లవారితే సంత. పికప్ బండి నిండా టమాటా బుట్టలు. తాళం తిప్పితే బండి పలకదు. పది నిమిషాలాగి మళ్లీ తిప్పితే మామూలుగా స్టార్ట్ అవుతుంది. పాత బండ్లతో ఇదే చిక్కు.

ఎప్పుడూ స్టార్ట్ కాని బండిలో తప్పు పట్టుకోవడం తేలిక. ఒకపూట స్టార్ట్ అయ్యి, ఒకపూట కాని బండితోనే తంటా. మెకానిక్ ముందు అది ఒక్క తాళానికే స్టార్ట్ అవుతుంది. ఆయన మాత్రం ఏం చేస్తాడు? "బ్యాటరీ మార్చి చూద్దాం" అంటాడు. వేల రూపాయలు పోసి కొత్త బ్యాటరీ వేస్తారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే కథ.

అందుకే తప్పు ఎక్కడుందో తెలియకుండా సామాను కొనకూడదు. బండి మొరాయించినప్పుడే గుర్తులు చూడాలి.

లైట్లతో పరీక్ష

గేరు న్యూట్రల్‌లో పెట్టండి. హ్యాండ్‌బ్రేకు వేయండి. హెడ్‌లైట్లు వెలిగించండి. ఒకరు తాళం తిప్పాలి. ఇంకొకరు పక్కన నిలబడి లైట్లు చూడాలి, చప్పుడు వినాలి. బండికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

1. లైట్లు బాగా మసకబారాయా? బ్యాటరీలో కరెంటు తక్కువై ఉంటుంది. లేదా బ్యాటరీ వైర్లు వదులై ఉంటాయి. ఒక్కోసారి సెల్ఫ్ మోటారు పట్టేసినా ఇలాగే అవుతుంది.

2. లైట్లు తగ్గలేదు, చప్పుడూ లేదా? కరెంటు సెల్ఫ్ దాకా పోవడం లేదు. తాళం స్విచ్చి, దాని వైర్లు, ఫ్యూజు చూడాలి.

3. లైట్లు తగ్గలేదు, 'టక్' మని ఒక్క చప్పుడు వచ్చి ఆగిందా? సెల్ఫ్ మీది సోలినాయిడ్ స్విచ్చి చెడి ఉండొచ్చు. లేదా సెల్ఫ్ లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు.

4. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదా? అప్పుడు బ్యాటరీని అనకండి. డీజిల్ బండి అయితే పైపులోకి గాలి పట్టిందేమో, ఫిల్టరులో నీరు చేరిందేమో చూడాలి. చలి పొద్దుల్లోనే ఇలా అవుతుంటే హీటర్ ప్లగ్గులు చూపించాలి.

ముందు చేయాల్సిన పని

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగానో, పచ్చగానో బూజులాంటి పొడి పేరుకుంటుంది. అది కరెంటుకు అడ్డం పడుతుంది. బండి ఆపి, ముందు మైనస్ వైరు విప్పండి. తర్వాత ప్లస్ వైరు విప్పండి. వంటసోడా కలిపిన నీళ్లతో పొడి కడగండి. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. ఆరాక, ఉప్పుకాగితంతో రుద్ది బిగించండి. బిగించేటప్పుడు మైనస్ వైరు ఆఖర్న. ఎర్త్ వైరు ఇంజనుకు, ఛాసిస్‌కు తగిలే చోటు కూడా ఇలాగే శుభ్రం చేయండి. చాలా బండ్లు ఇంతటితోనే దారికొస్తాయి.

బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. దానిలోంచి వచ్చే గ్యాసు అంటుకుని బ్యాటరీ పేలుతుంది. యాసిడ్ కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి.

అయినా బండి మొరాయిస్తే మీటరు పెట్టించండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజను నడుస్తుంటే 14 దగ్గర ఉండాలి. అంత రాకపోతే బ్యాటరీ ఛార్జి కావడం లేదన్నమాట. అప్పుడు బ్యాటరీ మార్చినా లాభం లేదు.

రాసిపెట్టుకోండి

బండిలో ఒక నోటు పుస్తకం, పెన్సిలు ఉంచండి. మొరాయించిన ప్రతిసారీ నాలుగు మాటలు రాయండి. ఏ తేదీ, ఏ వేళ? ఇంజను వేడిగా ఉందా, చల్లగా ఉందా? ఏ చప్పుడు వచ్చింది? లైట్లు ఎలా ఉన్నాయి?

నాలుగైదుసార్లు రాస్తే దారి దొరుకుతుంది. ఎప్పుడూ ఇంజను వేడెక్కాకే సెల్ఫ్ తిరగకపోతే సెల్ఫ్ మీద అనుమానం. గతుకుల దారిలో వచ్చిన తర్వాతే అయితే వదులు వైరు మీద అనుమానం. మెకానిక్ ముందు బండి బాగానే స్టార్ట్ కావచ్చు. అప్పుడు ఆ పుస్తకం తీసి చూపించండి. ముందు ఆ భాగం చూడమని అడగండి. బ్యాటరీ కొనే మాట ఆ తర్వాత.