కారుకు మైనం: ఎక్కడ పూయాలి, ఎక్కడ పూయకూడదు

కారు వెలుపలి భాగమంతా చూపుకు ఒకే వస్తువుగా కనిపించినా, రసాయనశాస్త్ర దృష్టిలో అది ప్రధానంగా మూడు వేర్వేరు పదార్థాల కూర్పు. బానెట్, తలుపులు, పైకప్పు మీద ఉండేది వేడితో గట్టిపరచిన రంగుపూత. బంపర్ల కింది అంచులు, చక్రాల చుట్టూ ఉండే నల్లటి పట్టీలు, వైపర్ల కింది పలక రంగు వేయని ప్లాస్టిక్. టైర్లు గంధకంతో ఉడికించిన రబ్బరు. ఈ మూడూ పాలిమర్లే, అంటే చిన్న అణువులు వేల సంఖ్యలో ఒకదానికొకటి ముడిపడి ఏర్పడిన పొడవైన గొలుసులే అయినప్పటికీ, వాటిని క్షీణింపజేసే కారణాలు ఒకటి కావు. మైనంతో వాటికున్న సంబంధమూ ఒకటి కాదు: రంగుపూతకు మైనాన్ని బయటినుంచి పూయాలి, టైరు తనకు కావలసిన మైనాన్ని తనలోనే దాచుకుంటుంది, గరుకు ప్లాస్టిక్‌కు మైనం తగిలితే మచ్చ పడుతుంది. ఈ తేడా తెలిస్తే దుకాణంలోని సీసాల వరుసలో ఏది అవసరమో, ఏది అనవసరమో తేల్చుకోవడం కష్టం కాదు.

రంగుపూతలోని పొరలు

కర్మాగారంలో కారు లోహపు తొడుగును ముందుగా పెద్ద తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో తుప్పును అడ్డుకునే పొరను పట్టిస్తారు. దానిపై ప్రైమర్, ప్రైమర్‌పై కంటికి కనిపించే రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. నాలుగు పొరలూ కలిపి మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త ఎక్కువ. అందులో క్లియర్ కోట్ వాటా 40–50 మైక్రాన్లు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలూ, ఆ కిరణాల తాకిడికి పుట్టే చురుకైన అణుశకలాలను అణచివేసే రసాయనాలూ ఈ పై పొరలోనే కలిసి ఉంటాయి. ఎండనుంచి రంగును కాపాడే అసలు కవచం అదే. దాని మీద పూసే మైనపు పొర ఒక మైక్రాను మందం కూడా ఉండదు కనుక, మైనం పూస్తే రంగు వెలిసిపోదన్న ప్రచారంలో నిజం పాలు తక్కువ.

మైనం చేసే మేలు వేరే చోట ఉంది. పక్షుల రెట్టలోని యూరిక్ ఆమ్లం, చితికిన పురుగుల నుంచి కారే రసాలు, చెట్ల కొమ్మలపై పురుగులు విసర్జించే బంకలాంటి తీపి ద్రవం నేరుగా క్లియర్ కోట్‌ను తాకకుండా ఈ పలుచని పొర అడ్డుపడి, తాను ముందు దెబ్బతిని, అసలు పూతకు కొంత వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధి రోజుల లెక్కలో ఉండదు. మండుటెండలో రెట్ట ఎండిపోయేలోగా తడిగుడ్డతో నానబెట్టి తీసేయాల్సిందే. అలాగే మైనం నీటికి అంటుకునే గుణాన్ని తగ్గిస్తుంది. నీటిబొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. అది 90 డిగ్రీలు దాటితే నీరు పరుచుకోకుండా గుండ్రటి బొట్లుగా నిలిచి, కారు కదలగానే జారిపోతుంది. మైనం పూసిన రేకు మీద జరిగేది ఇదే. నీళ్లు చల్లినప్పుడు బొట్లు కట్టకుండా చదునుగా పరుచుకుంటే మైనం అరిగిపోయిందని అర్థం.

అయితే ఈ బొట్ల వల్ల ఒక చిక్కు కూడా ఉంది. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల బోరునీటితో కార్లు కడుగుతారు. ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే, ఎండలో ఆరిన ప్రతి బొట్టూ తనలోని లవణాలను ఒక చిన్న వలయంగా వదిలిపోతుంది. ఆ తెల్లటి వలయాలు రోజుల తరబడి వేడెక్కితే క్లియర్ కోట్‌ను కొరికి, తుడిచినా పోని ముద్రలుగా మారతాయి. కాబట్టి మైనం పూసిన కారును కడిగాక దానంతటదే ఆరనివ్వకుండా మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో వెంటనే తడి లాగేయడం అవసరం.

మైనాల ఎంపిక

సహజ మైనాల్లో పేరున్నది కార్నౌబా. ఇది ఈశాన్య బ్రెజిల్‌లోని సియరా, పియావి వంటి రాష్ట్రాల్లో పెరిగే ఒక జాతి తాటిచెట్టు ఆకుల నుంచి వస్తుంది. పొడి వాతావరణంలో నీరు ఆవిరైపోకుండా ఆకు తనపై తాను కట్టుకునే పొరను, ఆకులను ఎండబెట్టి, దులిపి, కరిగించి తీస్తారు. సహజ మైనాల్లో అత్యంత గట్టిదైన ఇది 82–86 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. తేనెమైనం 62–64 డిగ్రీలకే కరుగుతుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో నిలిపిన నల్లటి కారు బానెట్ 70 డిగ్రీల దరిదాపులకు చేరగలదు కనుక ఈ తేడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. శుద్ధమైన కార్నౌబా చేతితో పూయలేనంత గట్టిగా ఉంటుంది. అందుకే డబ్బాలో దొరికేది ద్రావకాలు, నూనెలు, ఇతర మైనాలు కలిపి మెత్తబరచిన మిశ్రమం. ముదురు రంగుల మీద దీని మెరుపుకు లోతు ఉంటుందని పేరు. కానీ వేడికీ, షాంపూలకూ తట్టుకుని నిలిచేది సాధారణంగా కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు.

సీలెంట్లుగా అమ్మే కృత్రిమ మైనాల్లో సిలికోన్ వంటి పాలిమర్లు ఉంటాయి. వీటి అణువుల కొసలు రంగుపూతను గట్టిగా పట్టుకునేలా రూపొందినవి కనుక సహజ మైనం కన్నా ఎక్కువ నెలలు నిలుస్తాయి. ఆరుబయట ఎండలో నిలిచే కారుకు, తరచూ పూసే ఓపిక లేనివారికి ఇవే తగినవి. సిరామిక్ కోటింగ్ మరో మెట్టు పైది: సిలికా ఆధారిత ద్రవం గాలిలోని తేమతో చర్య జరిపి, గాజుకు దగ్గరి స్వభావం గల పలుచని పొరగా గట్టిపడి, ఏడాదికి పైగా నిలవగలదు. ప్రకటనల్లో దాని గట్టిదనానికి గుర్తుగా చెప్పే 9హెచ్ అనేది ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలోని అంకె కాదు. ఏ రకం పెన్సిల్ ములికితో గీస్తే పూత మీద గీత పడుతుందో చూసే పరీక్షలోని పెన్సిల్ గ్రేడు. ఆ పొర ఎగిరొచ్చిన కంకరరాయిని ఆపలేదు. టెఫ్లాన్ కోటింగ్ సంగతి ఇంకా సందేహాస్పదం. 1938లో డ్యూపాంట్ సంస్థ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ కనుగొన్న ఈ పదార్థం దాదాపు 327 డిగ్రీల వద్ద కరుగుతుంది; పెనానికి దాన్ని పట్టించేది అంతకు మించిన వేడితోనే. కారు రంగు అంత వేడిని తట్టుకోలేదు కాబట్టి, గుడ్డతో రుద్దిన టెఫ్లాన్ రేణువులు పెనం మీద పట్టినట్టు కారు మీద పట్టవు.

మైనానికి ముందు చేయవలసినవి

మెరుపు ప్రధానంగా నునుపు వల్ల వచ్చేది. నున్నటి తలం కాంతిని ఒకే దిశలో తిప్పి పంపుతుంది. గీతలు పడిన తలం నలుదిక్కులా చెదరగొట్టడంతో రంగు మసకగా తోస్తుంది. ఆ గీతల్లో ఎక్కువ భాగం రోడ్డు మీద కాక, ఇంటి ముందే పడతాయి. రోడ్డు దుమ్ములో ఉండే క్వార్ట్జ్ రేణువులు క్లియర్ కోట్ కన్నా ఎంతో గట్టివి. పొద్దున్నే కారు మీది దుమ్మును పొడిగుడ్డతో తుడిచే అలవాటు ఆ రేణువులను రంగు మీద ఈడ్చి, ఎండలోనో దీపం వెలుగులోనో సాలెగూడులా కనిపించే సన్నటి గీతలను రోజుకు కొన్ని చొప్పున చేరుస్తుంది. ముందు నీళ్లు ధారగా పోసి దుమ్మును దించి, ఆ తర్వాతే షాంపూ నురగతో కడగాలి. గీతలు పోగొట్టడానికి గ్యారేజీల్లో చేసే రబ్బింగ్ అంటే క్లియర్ కోట్‌ను కొద్దికొద్దిగా అరగదీసి గీత లోతుకు దించడమే. అరిగిన పొర తిరిగి రాదు, దానితోపాటు అందులోని అతినీలలోహిత నిరోధకాలూ పోతాయి. ఏటా రబ్బింగ్ చేయించిన కారు పైకప్పు కొన్నాళ్లకు పొక్కులెత్తి పొట్టులా రాలడానికి ఇదొక కారణం.

మైనాన్ని నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, వీలైనంత పలుచగా పూసి, తెల్లగా మసకబారాక తుడిచేయాలి. రేకు వేడిగా ఉంటే ద్రావకం ముందే ఆవిరై, మైనం మరకలుగా బిగుసుకుంటుంది. మందంగా పూస్తే అదనపు లాభం ఉండదు. మిగిలినదంతా గుడ్డకే పోతుంది.

నల్లటి ప్లాస్టిక్ ఎందుకు తెల్లబడుతుంది

రంగు వేయని పట్టీలు సాధారణంగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌కు కొంత రబ్బరు, టాల్క్ పొడి, నల్లదనం కోసం కార్బన్ బ్లాక్ అనే సన్నటి మసి కలిపి చేసినవి. పాలీప్రొపిలీన్ గొలుసులో ఒకటి విడిచి ఒకటిగా వచ్చే కార్బన్ పరమాణువులకు ఉన్న హైడ్రోజన్ తేలిగ్గా ఊడిపోయే స్వభావం గలది. అతినీలలోహిత కాంతి వల్ల ఆ చర్య మొదలైతే గాలిలోని ఆక్సిజన్ చేరి గొలుసును ముక్కలు చేస్తుంది, పైతలం పెళుసెక్కి కంటికి ఆనని పగుళ్లు పడతాయి, లోపలి టాల్క్ బయటపడుతుంది. ఈ పగుళ్లు కాంతిని చెదరగొట్టడం వల్లనే నలుపు బూడిదరంగుగా కనిపిస్తుంది. నల్లటి మసి మాత్రం లోపల అలాగే ఉంటుంది.

నూనె రాస్తే వెంటనే నల్లబడటానికి కారణం కూడా ఇదే. నూనె పగుళ్లలోని గాలిని తోసేసి, కాంతిని ప్లాస్టిక్ వంచినంతగానే తానూ వంచుతుంది కాబట్టి చెదరడం ఆగుతుంది. అది చూపుకు కలిగే మార్పే తప్ప, తెగిన గొలుసులు అతకవు. నాలుగు వానలకు నూనె కొట్టుకుపోతుంది. కొబ్బరినూనె, పాత ఇంజన్ ఆయిల్ రాయడం వల్ల దుమ్ము పట్టుకోవడమే కాక, పెట్రోలియం నూనెలు తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగులను ఉబ్బించి వదులు చేస్తాయి. కొత్త కారు అయితే అతినీలలోహిత నిరోధకం కలిసిన, నీటి ఆధారిత ట్రిమ్ డ్రెస్సింగును ముందునుంచే వాడటం, పాతబడినదైతే గట్టిపడే రకం పూత వేయించడం మేలు. రంగుపూత మైనాన్ని మాత్రం ఇక్కడికి రానివ్వకూడదు: గరుకు గుంటల్లో ఇరుక్కుని ఎండిన మైనం తెల్లటి చారలుగా మిగులుతుంది. మైనం పూసేముందు పట్టీల అంచున మాస్కింగ్ టేపు అంటించడం, పొరపాటున తగిలితే ఆరకముందే సబ్బునీటితో, మెత్తటి బ్రష్‌తో తోమడం తేలికైన ఉపాయాలు.

టైరులో దాగిన మైనం

1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరచే పద్ధతిని కనుగొన్నాడు. నేటి టైరుకూ ఆధారం అదే. గంధకం గొలుసుల మధ్య వంతెనలు వేసినా, గొలుసులో ఇంకా ఎన్నో ద్విబంధాలు మిగిలే ఉంటాయి. వాహనాల పొగలోని వాయువులు ఎండలో చర్య జరిపినప్పుడు నేలమట్టంలో పుట్టే ఓజోన్ ఆ ద్విబంధాలను తెంచుతుంది. సాగి ఉన్న చోట ఈ తెగుడు పగుళ్లుగా బయటపడుతుంది. టైరు పక్కగోడ మీద కనిపించే సన్నటి చీలికలు చాలావరకు ఇవే.

దీన్ని ఎదుర్కోవడానికి తయారీదారులు రబ్బరులోనే రెండు రకాల పదార్థాలు కలుపుతారు. మొదటిది పారఫిన్ జాతి మైనం. అది నెమ్మదిగా పైకి ఊరి, ఓజోన్ తగలకుండా పొర కడుతుంది. టైరు తిరిగేటప్పుడు వంగి ఆ పొర చిట్లుతుంది కనుక, ఓజోన్‌తో తానే ముందు చర్య జరిపే 6పీపీడీ అనే రసాయనాన్ని రెండోదిగా చేరుస్తారు. పక్కగోడ గోధుమరంగుకు మారడానికి ప్రధాన కారణం పైకి వచ్చి ఆక్సీకరణం చెందిన ఈ రసాయనమే. అది మురికి కాదు, రక్షణ పని చేస్తోందనడానికి గుర్తు. దీనికి మరో ముఖం కూడా ఉంది: టైరు అరుగుదల పొడిలోని 6పీపీడీ ఓజోన్‌తో కలిసి ఏర్పడే పదార్థం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు వాగుల్లో కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో శాస్త్రవేత్తలు వెల్లడించారు.

టైరు నడుస్తున్నప్పటి వేడి, వంపు ఈ పదార్థాలు పైకి రావడానికి తోడ్పడతాయి. నెలల తరబడి కదలకుండా నిలిపిన కారు టైర్లు అరగకపోయినా పగలడానికి ఇదొక కారణం. పెట్రోలియం ద్రావకాలున్న టైరు పాలిష్‌లు తళతళలాడించినా, రబ్బరులోని మైనాన్నీ రక్షక రసాయనాలనూ కరిగించి లాగేసే ప్రమాదం ఉంది. కావాలనుకుంటే నీటి ఆధారిత డ్రెస్సింగును పక్కగోడకు మాత్రమే పలుచగా రాయాలి. రోడ్డును పట్టుకునే ట్రెడ్‌కు తగిలితే చక్రం జారుతుంది. పాలిష్ చేసిన టైరు కొత్తదిగా కనిపించవచ్చు గానీ, అసలు వయసు పక్కగోడ మీది నాలుగంకెల ముద్రలో ఉంటుంది: 3522 అని ఉంటే అది 2022వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని అర్థం.

ఈ లెక్కన రంగుకు ఒక మంచి సీలెంట్, ప్లాస్టిక్‌కూ టైరు పక్కగోడకూ నీటి ఆధారిత డ్రెస్సింగు, రెండు మూడు మైక్రోఫైబర్ గుడ్డలు ఉంటే చాలామంది అవసరం తీరిపోతుంది. ఖర్చులేని మూడు జాగ్రత్తలు వాటికన్నా ఎక్కువ పని చేస్తాయి: కారును నీడలో నిలపడం, పొడిగుడ్డతో తుడవకపోవడం, వారానికోసారైనా నాలుగు మైళ్లు తిప్పడం.