ముక్కు తప్పా? మతి తప్పా?

ఈ రోజు ఒక ఈగను గురించి చెప్పుకుందాం. "పని మానుకుని కూర్చున్నది ఈగ కథ వినడానికా?" అనకండి. మన ఇంటి సంగతి ఇందులో ఉంది.

మాది మోస్రా. ఒకనాడు పొయ్యి మీద పాలు పెట్టి, చూస్తుండమని అత్తమ్మకు చెప్పి, బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోయాను. ఆమె పక్కగదిలో బియ్యం ఏరుతున్నది. పాలు ఇగిరిపోయి, మాడు వాసన మిద్దె మీది దాకా వచ్చింది. పరుగెత్తుకొచ్చి, "పక్కనే ఉండి మరిచిపోతే ఎట్లా అత్తమ్మా?" అని విసుక్కున్నాను. "నాకేం వాసన రాలే బిడ్డా" అన్నదామె. వయసు మీద పడింది, మతి తప్పుతున్నదని ఇంట్లో అందరం అనేసుకున్నాం.

మనం ఎంత తొందరపడ్డామో నాకు ఈగ చెప్పింది.

అరటిపండు బాగా మగ్గితే నువ్వుగింజంత ఈగలు ముసురుతాయి, చూశారు కదా! మామిడికాయను పాడుచేసే పండు ఈగ వేరు, ఇది డ్రోసోఫిలా. దీని ముక్కు ముఖ్యంగా తల మీది మీసాల్లో ఉంటుంది. ఒకే రకం వాసన పట్టే కణాల తీగలన్నీ మెదడులో ఒకే ముడి దగ్గరికి చేరతాయి. అట్లాంటి ముడులు సుమారు 50. తపాలా ఆఫీసులో ఊరికొక గూడు పెట్టి ఉత్తరాలు వేరు చేసినట్టన్నమాట.

అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి పుట్టుకతో వచ్చిన ఇష్టానిష్టాల దారి. రెండోది జ్ఞాపకానిది. అది పుట్టగొడుగులా కనిపించే భాగానికి పోతుంది. అక్కడ మెదడుకు ఒక్కో పక్క సుమారు 2,000 కణాలుంటాయి. ఒక వాసన వస్తే వాటిలో నూటికి ఐదో పదో మేలుకుంటాయి. వాసన మారితే మేలుకునే కణాలూ మారతాయి.

ఇక "తీపి దొరికింది", "దెబ్బ తగిలింది" అనే కబురు తెచ్చేది డోపమిన్ అనే రసాయనం. వాసన, దెబ్బ ఒక్కసారే వచ్చాయనుకోండి. ఆ వాసనకు "దగ్గరికి పో" అని చెప్పే దారి బలం తగ్గుతుంది. మన నిజాంసాగర్ కాలువకు ఒక తూము దించితే నీళ్లు రెండో పక్కకు మళ్లవూ? అట్లాగే "దూరంగా పో" అనే దారిదే పైచేయి అవుతుంది. నేర్చుకోవడమంటే కొత్తది చేర్చడమే కాదు, ఒక్కోసారి ఉన్న తూము దించడం కూడా!

1974లో అమెరికాలో క్విన్, హారిస్, బెంజర్ అనే శాస్త్రజ్ఞులు ఈ ఈగలకు ఒక వాసనతో పాటు కరెంటు దెబ్బ తగిలించారు. తర్వాత అవి ఆ వాసనకు దూరంగా తొలగాయి. 1976లో మరో రకం ఈగలు బయటపడ్డాయి. వీటికి వాసన తెలుస్తుంది, దెబ్బా తెలుస్తుంది, నేర్చుకున్నది మాత్రం నిలవదు. వాటికి 'మందమతి' అని అర్థం వచ్చే పేరు పెట్టారు.

మరి మన దేశంలో? బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో ఒబైద్ సిద్దిఖీ, ఆయన దగ్గర పరిశోధన చేసిన వెరోనికా రోడ్రిగ్స్ అనే యువతి 1978లో ఇంకో రకం ఈగలను గురించి రాశారు. వీటికి కొన్ని వాసనలే తగలవు. లోపం వాసన పట్టే దారిలోనే!

చూశారా? ఒకదానికి ముక్కు లోపం, మరొకదానికి మతి లోపం. పైకి చూస్తే రెండూ ఒకటే, వాసన వస్తున్నా ఈగ కదలదు.

ఇది తెలిశాక నాకు పాలగిన్నె గుర్తొచ్చింది. అత్తమ్మను కళ్లు మూసుకోమని ఇంగువ, కాఫీపొడి ముక్కు దగ్గర పెట్టాను. ఏదీ తెలియలేదు. "బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో వాసన ఎట్లుండేది?" అని అడిగాను. 1937లో మొదలై 2015లో ఆగిన ఫ్యాక్టరీ అది. ఆమె గంటసేపు చెప్పింది. చెరుకు బండ్ల వరుస, పాకం వాసన, ఇంటికొచ్చిన మామయ్య చొక్కాకు అంటిన తీపి, అన్నీ! మతికేమీ కాలేదు. నేనే తొందరపడ్డాను. ఆమె చేయి పట్టుకుని తప్పు ఒప్పుకున్నాను.

మనిషి మెదడు ఈగ మెదడంత చిన్నది కాదు. వాసన పోవడానికి జలుబు, ముక్కులో పెరిగే కండ, కోవిడ్ వంటి జబ్బులు, వయసు, ఎన్నో కారణాలు. పార్కిన్సన్, అల్జీమర్స్ జబ్బుల్లో మిగతా లక్షణాల కంటే ముందే వాసన తగ్గడమూ ఉంది. వాసన తగ్గిందని భయపడొద్దు, అట్లాగని వదిలేయొద్దు. ముందు ముక్కు, చెవి, గొంతు డాక్టరుకు చూపించండి. అట్లాంటి పెద్దలను గ్యాసు పొయ్యి దగ్గర ఒంటరిగా విడవకండి. గ్యాసు కారినా వాళ్లకు తెలియదు. పాసిన కూర కూడా వాళ్లకు తెలియదు, మీరే చూసి పెట్టండి.

అన్నిటికంటే ముందు, "మతి పోయింది" అనే మాట నోట్లోంచి వచ్చేలోపు ఒక్కసారి అడగండి: "అత్తమ్మా, వాసన వస్తున్నదా?" సెలవు.