జబ్బుకు డబ్బు ఎవరిస్తారు?

అక్కలారా! ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు చేస్తే ఏమవుతుంది? ముందు పుస్తెలతాడు తాకట్టుకు పోతుంది. తర్వాత చెలక పోతుంది.

ఈ బాధ తప్పించాలని 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేద కుటుంబాల పెద్ద ఆపరేషన్ల ఖర్చును సర్కారే ఆసుపత్రికి కడుతుంది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ఈ సాయాన్ని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పెంచారు.

మరి వాదన ఎందుకు?

కొందరంటారు: "ఇది లేకుంటే పేదోడికి గుండె ఆపరేషన్ ఎవరు చేయిస్తారు?"

ఇంకొందరంటారు: "పైసలు పట్నంలోని ప్రైవేటు ఆసుపత్రులకు పోతున్నాయి. అవి ఊరి దవాఖానకు పెడితే జబ్బు ముదరదు గదా!"

రెండూ నిజమే. బీపీ గోలీ రోజూ వేసుకుంటే కిడ్నీలు చెడే ముప్పు తగ్గుతుంది. ఆ గోలీ దగ్గరి సర్కారు దవాఖానలో దొరకాలె. కాళేశ్వరం నుంచి వరంగల్ దాకా గోలీ కోసం ఎవరు పోతారు? కిడ్నీలు చెడిపోతే మాత్రం డయాలసిస్ కావాలె. అప్పుడు ఆరోగ్యశ్రీ అక్కరకొస్తుంది.

ఆసుపత్రిలో చేరేముందు అడగండి: "ఈ జబ్బు ఆరోగ్యశ్రీలో ఉందా?" చెప్పడానికి అక్కడ ఆరోగ్యమిత్ర ఉంటారు.

ఇప్పుడు మీ రేషన్ కార్డు తీయండి. ఇంట్లో అందరి పేర్లు ఉన్నాయా? మీరే చదివి చూడండి. చదువు నేర్చింది ఇందుకే గదా!