బెంగళూరుతో పొత్తు

పరాయి రాష్ట్రంలో తెలుగువాళ్లు అవస్థ పడకుండా కుదురుకునే ఊరేదంటే చాలామంది బెంగళూరు పేరే చెబుతారు. అనంతపురంలో టిఫిన్ చేసి బయల్దేరినవాళ్లు మధ్యాహ్న భోజనానికి అక్కడుంటారు. హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హెబ్బాళ ఫ్లైఓవర్ దిగుతుంటారు. 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ, యశ్వంతపూర్‌ల మధ్య వందేభారత్ రైలూ నడుస్తోంది. మారతహళ్లిలో గోంగూర పచ్చడి దొరుకుతుంది, వైట్‌ఫీల్డ్‌లో తెలుగు భోజనం పెట్టే పీజీ హాస్టళ్లుంటాయి, పెద్ద హీరో సినిమా వస్తే తొలి ఆటకు ఇక్కడా ఈలలు మోగుతాయి.

చిక్కు కూడా అక్కడే ఉంది. అన్నీ తెలుగులోనే జరిగిపోతుంటే ఊరితో పనేముంటుంది? ఆఫీసు, ట్రాఫిక్, అపార్టుమెంటు, నెలకోసారి సొంతూరి బస్సు. ఇలా పదేళ్లు గడిపినవాళ్లు బెంగళూరులో ఎక్కడ చూసినా కనిపిస్తారు. ట్రాఫిక్ గురించి వాళ్లు గంటసేపు చెప్పగలరు. గాంధీబజార్ గురించి అడిగితే తెల్లమొహం వేస్తారు. ఉద్యోగం కోసమో చదువు కోసమో రాష్ట్రం మారాక రోజువారీ బతుకులో రుచి పుట్టాలంటే ఏం చెయ్యాలో తెలుసుకోడానికి, ఇంత సులువైన ఈ ఊరే మంచి ఉదాహరణ.

ముందు కాగితాల పని

కొత్త ఊరి మీద కోపాల్లో సగం కాగితాల వల్లే వస్తాయి. వాటిని మొదటి నెలల్లోనే తేల్చుకుంటే మనసు తేలికపడుతుంది. డ్రైవింగ్ లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు. బండి సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం మరో రాష్ట్రంలో 12 నెలలు దాటి వాడితే అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు పాత ఆర్టీఓ దగ్గర నిరభ్యంతర పత్రం తెచ్చుకుని, కర్ణాటకలో పన్ను కట్టి, సొంత రాష్ట్రంలో కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన భాగం వాపసు కోరాలి. బదిలీల ఉద్యోగులకు ఈ తిప్పలు తప్పించడానికే 2021లో ‘బీహెచ్’ నంబర్లు వచ్చాయి. ప్రభుత్వోద్యోగులతో పాటు, నాలుగు లేదా అంతకుమించిన రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకూ వాటికి అర్హత ఉంది.

ఓటు మార్చుకోవడానికి ఫారం 8 చాలు. రేషన్ కార్డున్న కూలీ కుటుంబాలకు ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ విధానం అండగా ఉంది. 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ అందులో చేరాయి కాబట్టి సొంతూరి కార్డు మీదే ఇక్కడి చౌకడిపోలో కేంద్రం ఇచ్చే బియ్యం తీసుకోవచ్చు. ఆధార్‌లో చిరునామా మార్చుకుంటే ఆడవాళ్లకు ఇంకో లాభం ఉంది. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం కింద కర్ణాటకలో నివాసమున్న మహిళలు మామూలు సర్కారీ బస్సుల్లో టికెట్ డబ్బు లేకుండా తిరగొచ్చు. అడిగినప్పుడు కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే సరి.

ఇల్లు చూసేటప్పుడు రెండు ప్రశ్నలు మర్చిపోకూడదు. ఒకటి అడ్వాన్సు. పది నెలల అద్దె ముందే కట్టించుకోవడం ఈ ఊరి పాత అలవాటు. ఇప్పుడు చాలాచోట్ల తగ్గింది కాబట్టి బేరమాడొచ్చు. రెండోది ‘కావేరి నీళ్లా, బోరు నీళ్లా?’ అన్నది. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఈ నగరానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంనుంచి కావేరి నీటిని ఎత్తిపోసి తేవాలి. 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం జనం ఎలా అల్లాడారో దేశమంతా చూసింది. ఆ ఏడాది అక్టోబరులో మొదలైన కావేరి నీటి పథకం అయిదో దశ రోజుకు 77.5 కోట్ల లీటర్లు అదనంగా తేవడానికి కట్టినది. అయినా మనం దిగబోయే ఇంటి కుళాయికి ఆ నీళ్లు వస్తున్నాయా లేదా అన్నది కిందింటివాళ్లనడిగి తెలుసుకోవాల్సిందే.

బోర్డులే వాచకాలు

2011 జనగణన నాటికి బెంగళూరు జిల్లాలో కన్నడం మాతృభాషగా ఉన్నవాళ్లు సగానికి తక్కువే. తర్వాతి స్థానాలు తమిళం, తెలుగు, ఉర్దూలవి. ఆటో డ్రైవరుకో కూరగాయలామెకో తెలుగు వచ్చి ఉండటంలో వింతేమీ లేదు. చాలామంది కన్నడం జోలికి పోకపోవడానికి అదొక సాకు. కానీ ఈ భాష నేర్చుకోడానికి తెలుగువాళ్లకున్న వెసులుబాటు ఉత్తరాది వాళ్లకు లేదు. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి విడిపోయినవి. అ, గ, జ, ర, ల లాంటివి దాదాపు మన అక్షరాలే. క, త లాంటి కొన్నిటి దగ్గర, తలకట్టు దగ్గర కాస్త తడబాటు ఉంటుంది. దుకాణాల బోర్డుల్లో 60 శాతం కన్నడం ఉండాలని 2024లో చట్టం వచ్చాక వీధి వీధంతా వాచకమే అయింది. రోజూ బస్సు కిటికీలోంచి బోర్డులు కూడబలుక్కుంటూ పోయినవాళ్లు కొన్ని వారాల్లోనే చదవడం మొదలుపెడతారు.

మాట్లాడటానికి సంత కంటే మంచి బడి లేదు. ‘ఎష్టు?’ అంటే ఎంత అని, ‘సాకు’ అంటే చాలని, ‘బేడ’ అంటే వద్దని తెలిస్తే మొదటి రోజు బేరం గడుస్తుంది. వంకాయ బదనెకాయి, మునక్కాడ నుగ్గెకాయి, బీరకాయ హీరెకాయి, ఆకుకూరేదైనా ‘సొప్పు’. తప్పు మాట్లాడినా ఎవరూ నవ్వరు, ఎదుటివాళ్లే సరిదిద్ది ఇంకో గుప్పెడు కొత్తిమీర వేస్తారు. ఇళ్లలో ఈ పని పిల్లలు ముందు చేస్తారు. 2015లో చేసిన చట్టం కింద కర్ణాటక బడుల్లో కన్నడాన్ని మొదటి లేదా రెండో భాషగా నేర్పాలి. దాంతో రెండో తరగతి పిల్ల వాచ్‌మన్‌కీ తన అమ్మకీ మధ్య దుబాసీ పని చేస్తున్న ఇళ్లు కొల్లలు.

పరాయి ఇంటిభాష గలవాళ్లకు కన్నడం ఎంత చోటిచ్చిందో చూడాలంటే జ్ఞానపీఠ జాబితా తీయాలి. ఆ పురస్కారం అందుకున్న ఎనిమిది మంది కన్నడ రచయితల్లో బేంద్రే ఇంటిభాష మరాఠీ, మాస్తి వెంకటేశ అయ్యంగార్‌ది తమిళం, గిరీశ్ కర్నాడ్‌ది కొంకణి. కర్ణాటక తమ ఇంటి మనిషిగా చూసుకునే ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యది తెలుగు కుటుంబం. ఇంటిపేరులోని మోక్షగుండం మన గిద్దలూరు ప్రాంతపు ఊరే. ఆయన పూర్వీకులు ఎన్నో తరాల కిందట చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లికి వలస వెళ్లారు.

తీపి సాంబారుతో రాజీ

కొత్తగా వచ్చిన తెలుగువాళ్ల మొదటి ఫిర్యాదు సాంబారు మీదే. బెల్లం వేస్తారు, కారం ఉండదు. రెండో ఫిర్యాదు పప్పు కనబడదని. వాటిని సొంతూరి వంటతో పోల్చుకుంటూ తిన్నంతకాలం ఇక్కడి హోటళ్లలో ఏదో లోటుగానే ఉంటుంది. పోలిక మానేసినరోజు దర్శినుల గుట్టు తెలుస్తుంది.

1980లలో మొదలైన ఈ నిలబడి తినే హోటళ్లు బెంగళూరు పొద్దుటిపూటకు ప్రాణం. డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి, కౌంటర్ దగ్గర ప్లేటు అందుకోవాలి, ఎత్తు బల్ల దగ్గర నిలబడి తినాలి. ఖారాబాత్ అనే ఉప్మా, కేసరిబాత్ ఒకే ప్లేటులో కావాలంటే ‘చౌచౌ బాత్’ అనాలి. ఒక కాఫీని ఇద్దరు పంచుకోవడం ఇక్కడ పిసినారితనం కిందికి రాదు, ‘బై టూ’ అంటే రెండు గ్లాసుల్లో పోసిస్తారు. బల్ల పంచుకున్న అపరిచితుడు పేపర్లో సగం మడిచి ఇచ్చినా ఇస్తాడు.

పాత హోటళ్లకు చరిత్ర కూడా ఉంది. గాంధీబజార్‌లోని విద్యార్థిభవన్ 1943 నాటిది. అక్కడి దోసె కోసం ఆదివారం బయట పేరు రాయించుకుని నిలబడాల్సిందే. లాల్‌బాగ్ పక్కనున్న ఎంటీఆర్ 1924లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం కరువైతే రవ్వతో ఇడ్లీ వేశామని, రవ్వఇడ్లీ అలా పుట్టిందని ఆ హోటల్ వాళ్లు చెబుతారు.

రాయలసీమవాళ్లకయితే ఇక్కడి వంటిల్లు మరీ కొత్తేమీ కాదు. రాగిముద్ద అంటే వాళ్ల సంగటే. చలికాలంలో చిత్తూరు వైపు అనపగింజలు నానబెట్టి తోలు పితికి ‘పితికిన పప్పు’ వండుకుంటారు. బెంగళూరులోనూ జనవరి వచ్చిందంటే అవరెకాయి వాసనే, అదే పితికిన పప్పు. వి.వి.పురం తిండివీధి పేరుతో ముడిపడ్డ అవరెబేళె మేళాలో ఆ పప్పుతో దోసె, ఉప్మానే కాదు, జిలేబీ కూడా వేస్తారు.

చెట్లకింద ఉచితంగా

సరదా అనగానే మాల్‌కో, వారాంతంలో కూర్గుకో పరిగెత్తేవాళ్లు ఊళ్లో ఉచితంగా దొరికేదాన్ని వదిలేస్తుంటారు. జనవరి నుంచి మార్చి దాకా బెంగళూరు వీధులు గులాబిరంగు టబెబూయా పూలతో నిండుతాయి. తర్వాత ఊదారంగు జకరందా, ఎండలు ముదిరాక ఎర్రటి తురాయి. ఇదంతా దానంతటదే జరిగింది కాదు. ఒకటి వాడేసరికి ఇంకొకటి పూసేలా చెట్లను ఎంచి నాటించాలన్న ఆలోచన జర్మనీ నుంచి వచ్చి మైసూరు సంస్థానంలో పనిచేసిన ఉద్యానశాస్త్రవేత్త క్రుంబిగల్‌ది. 1980లలో అటవీ అధికారి నేగిన్‌హాళ్ ఆధ్వర్యంలో దాదాపు 15 లక్షల మొక్కలు నాటారు. ఈ ఊరి నీడలో చాలావరకు ఆయన చలవే.

1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్ ఇప్పుడు 240 ఎకరాల తోట. పొద్దున్నే వెళితే నడకకు వచ్చిన ముసలివాళ్ల కబుర్లు ఉచితంగా వినొచ్చు, కన్నడం నేర్చుకోడానికి అదీ ఒక దారే. తోటలో కెంపేగౌడ గోపురం నిలబడిన బండరాయి వయసు 300 కోట్ల ఏళ్ల వరకు ఉంటుందని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 1889 నాటి గాజుగృహంలో జనవరి 26, ఆగస్టు 15లకు పూల ప్రదర్శన పెడతారు. సెలవురోజు కాకుండా మామూలు రోజు పొద్దున వెళితే తోపులాట తప్పుతుంది.

నాటకం చూసే అలవాటు పోయినవాళ్లకు జేపీ నగర్‌లో రంగశంకర ఉంది. నటుడు శంకర్ నాగ్ స్మృతిగా అరుంధతీ నాగ్ చొరవతో 2004లో తెరుచుకున్న ఈ థియేటరులో సోమవారాలు తప్ప దాదాపు రోజూ ఏదో ఒక నాటకం ఉంటుంది. గంట కొట్టాక వస్తే ఎంత బతిమాలినా తలుపు తీయరు, ట్రాఫిక్ సాకులు అక్కడ పనిచెయ్యవు.

పండగల దారిలో పరిచయం

కొత్త ఊరిని దగ్గరచేసేది దాని పంచాంగం. బెంగళూరులో మొదటి ఏడాది గడుపుతున్న కుటుంబం అయిదు పండగలు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఉగాది మనదీ వాళ్లదీ ఒకే రోజు. మనం ఆరు రుచుల పచ్చడి చేస్తే వాళ్లు వేపపువ్వూ బెల్లమూ కలిపి ‘బేవు బెల్ల’ పంచుకుంటారు. వెనకే శ్రీరామనవమి. వీధుల్లో పానకం, పెసరపప్పు కోసంబరి పంచుతారు. చామరాజపేట కోట హైస్కూలు మైదానంలో శ్రీరామ సేవామండలి 1930ల చివర్లో మొదలుపెట్టిన సంగీతోత్సవం ఆ రోజుల్లోనే జరుగుతుంది. మాట్లాడేది కన్నడం, ప్రకటనలు కన్నడం, పాట మొదలుకాగానే త్యాగయ్య తెలుగు. పక్క కుర్చీలోని కన్నడ పెద్దావిడకు కీర్తన మొత్తం కంఠతా వచ్చి ఉంటుంది, ఒకటి రెండు మాటలకు అర్థం తెలియకపోవచ్చు. అక్కడ తెలుగువాళ్లకు చెప్పే వంతు వస్తుంది.

కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ జాతర. పంట కొత్తగా చేతికొచ్చిన వేరుశనగ రైతులు బసవన్న గుడి చుట్టూ వీధుల్లో కుప్పలు పోస్తారు. కర్ణాటక జిల్లాలతో పాటు సరిహద్దు దాటి మనవైపు నుంచీ బస్తాలు వస్తాయి. పచ్చివి, వేయించినవి, ఉడికించినవి రుచి చూసి కొనొచ్చు. ఆ సాయంత్రం కారు తీస్తే మాత్రం ఊరి మీద విరక్తి పుడుతుంది. మెట్రోలో నేషనల్ కాలేజీ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లడం మేలు.

నవంబరు 1న కన్నడ రాజ్యోత్సవం. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజే మైసూరు రాష్ట్రమూ కొత్త ఎల్లలతో ఏర్పడింది, 1973లో కర్ణాటక అనే పేరు పెట్టుకుంది. అపార్టుమెంట్లలో పసుపు, ఎరుపు జెండా ఎగరేస్తారు. పిల్లలచేత పాట పాడించడానికి పేర్లు అడిగినప్పుడు తెలుగింటి పిల్లలు ముందుకొస్తే ఆ ఏడాదంతా పలకరింపులకు కొదవుండదు.

ఇక సంక్రాంతి. నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, వేరుశనగపప్పు కలిపిన ‘ఎళ్లు బెల్ల’, చెరుకు ముక్క, పంచదార బొమ్మలు పెట్టిన పళ్లెంతో పక్కింటి ఆడపిల్లలు తలుపు తడతారు. చాలామంది తెలుగువాళ్లు పండక్కి ఊరెళ్లిపోతారు కాబట్టి ఈ పళ్లెం వాళ్ల కంట పడదు. ఒక్క ఏడాది ఉండి చూస్తే, ఖాళీ పళ్లెం తిరిగివ్వకూడదని అరిసెలో సకినాలో వేసిచ్చే అవకాశం వస్తుంది. వాటి తయారీ చెప్పమని మర్నాడే పక్కింటావిడ మళ్లీ వస్తుంది. కారం తగ్గదని పేరుపడ్డ ‘ఆంధ్రా స్టైల్’ హోటళ్ల ముందు ఆదివారం మధ్యాహ్నాలు వరసలో నిలబడేవాళ్లలో కన్నడిగులు ఎంతమంది ఉంటారో చూసినవాళ్లకు, అరిసెల కబురు ఆ వీధంతా పాకడం వింతగా అనిపించదు.